టోపీవాడికి శిక్ష పడలేదు

మే నెల, రెండో సోమవారం. ఉదయం చేసిన పనులు: మిరపకాయలు ఎండలో పోశాను, ఆవాలు ఏరాను, జాడీలు కడిగి బోర్లించాను, గ్యాసు బుక్ చేశాను. అక్క మంచం మీద దుప్పటి మారుస్తుండగా ఆస్పత్రి నుంచి మా ఆయన ఫోన్ చేశారు. "వదిన పోయిందే" అన్నారు. అప్పటికి దుప్పటి మూడు వైపులా సర్దాను. నాలుగో వైపు కూడా సర్ది, అప్పుడు కూర్చున్నాను.

అక్క అంటే మా పెద్ద తోటికోడలు. బావగారు పోయాక కూడా మాతోనే, మామిడితోటలోని ఇంట్లోనే ఉండిపోయింది. ఇరవై ఆరేళ్ళు ఇద్దరం ఒకే వంటింట్లో తిరిగాం. నూజివీడు చుట్టుపక్కల ఆమెను ఎరిగినవాళ్ళకు ఆమె చేతి మాగాయ గుర్తుంటుంది. నాకు మాత్రం ముందుగా గుర్తొచ్చేది, నవ్వకండి, ఒక జాంబీల సీరియల్.

చచ్చినవాళ్ళు లేచి, బతికున్నవాళ్ళను కరుస్తూ తిరిగే కథ అది. ఏదో దేశంలో తీసి తెలుగు మాటలు పెట్టారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక అక్క ఒళ్ళో చేట పెట్టుకుని టీవీ ముందు కూర్చునేది. జాంబీ అనే మాట ఆమెకు నోరు తిరగలేదు. "లేచినోళ్ళు" అనేది.

"పాపం, లేచినోళ్ళకి ఆకలి తప్ప ఇంకేం తెలీదమ్మాయ్. మన చుట్టాలకన్నా నయం, ఉప్పెక్కువైందని వంకలు పెట్టరు."

బతికున్నవాళ్ళు ఒక సిమెంటు ఫ్యాక్టరీలో దాక్కుంటారు. వాళ్ళకు పెద్ద, టోపీ పెట్టుకునే ఒకతను. ఒక కుటుంబం బయట నిలబడి గేటు బాదుతుంటే, లోపల ఉన్న తిండి చాలదని అతను గేటు తీయనివ్వడు. "వాళ్ళని అప్పటికే కరిచేశాయి" అని అందరికీ చెబుతాడు. అది అబద్ధమని ఒక నర్సుకు తెలుసు. ఆమె కూతురి మందులు అతని చేతిలో ఉన్నాయి కాబట్టి నోరు మెదపదు.

టోపీవాడు చేసిన పాపాలు నేను లెక్కపెడుతూ వచ్చాను. సంక్రాంతి వెళ్ళేసరికి పదకొండయ్యాయి. "వీడికి శిక్ష ఎప్పుడు పడుతుందక్కా?" అని రోజూ అడిగేదాన్ని. అక్కకు అతని మీద ధ్యాస లేదు. ఆమె చూసేది నర్సునే.

"ఆ పిల్ల రాత్రిళ్ళు ఎలా పడుకుంటుందో చూపించరేంటి?" అంది ఒకరోజు. నేను చేటలో బియ్యం వైపు చూస్తూ ఉండిపోయాను. ఎందుకో చెప్పాలంటే అంతకు ముందు వేసవి సంగతి చెప్పాలి.

ఆ రోజు తెల్లవారుజామున జల్లు పడింది. మా ఆయన కాయ లోడుతో హనుమాన్ జంక్షన్ వెళ్ళారు. కోతకు వచ్చినవాళ్ళలో చాట్రాయి నుంచి వచ్చిన దానియేలును నేను పెరట్లోకి పిలిచాను, ఆవకాయ చెట్టు కాయలు కోయమని.

"మాను తడిగా ఉందండి. చిక్కంతో దింపుతాను" అన్నాడతను. చిక్కం అంటే పొడవాటి కర్ర చివర కట్టిన వల.

"చిక్కంలో కాయలు ఒకదానికొకటి తగులుతాయి. పైకి కనపడని దెబ్బ ఒక్కటున్నా జాడీ అంతా పోతుంది. చేత్తో కోసినవే కావాలి. నెమ్మదిగా ఎక్కు" అన్నాను.

అతను నా మాట విని ఎక్కాడు. రెండో కొమ్మ దగ్గర కాలు జారింది. తొడ ఎముక విరిగింది.

కోత మేస్త్రీ పరుగెత్తుకొచ్చి, "ఎవరు ఎక్కమన్నారు?" అని అరిచాడు. పెరటి గుమ్మంలో అంతా వింటున్న అక్క నా ముందుకు వచ్చి నిలబడింది. "ఎవరూ అనలేదు. తనే ఎక్కాడు." వెనక నుంచి ఎవరో, "పొద్దున్నే మందేసుకుని ఉంటాడు" అన్నారు. కాదని అక్కా అనలేదు, నేనూ అనలేదు.

ఆస్పత్రి ఖర్చు మేమే పెట్టుకున్నాం. అంతటితో సరి అనుకున్నాను. కానీ ఆ మాట అతన్ని వదల్లేదు. కర్ర పట్టుకుని నడిచే స్థితికి వచ్చాక కూడా, రెడ్డిగూడెంలో గానీ చాట్రాయిలో గానీ ఏ మేస్త్రీ అతన్ని కాయలు ఏరే పనికైనా పిలవలేదు. తాగి చెట్టెక్కేవాడు మనకెందుకన్నారు.

ఈ ఏడు కోతలు మొదలైన వారంలో సీరియల్ అయిపోయింది. చివరి భాగంలో టోపీవాడు ముసలివాడై, పెద్ద బల్ల దగ్గర కూర్చుని విందు తింటుంటాడు. పిల్లలు తాతా అంటుంటారు. నర్సు అతనికి వడ్డిస్తుంటుంది. అంతే.

"ఇదేం ముగింపు? వాడికి ఏమీ కాలేదే!" అన్నాను.

"సరిగ్గానే తీశారు" అంది అక్క. "మనకి ఏమైందని?"

మర్నాడు పొద్దున్న ఆయాసపడుతూనే తోటలోకి నడిచింది. అప్పటికే గుండె జబ్బు ముదిరింది. కోతవాళ్ళు టిఫిన్ డబ్బాలు విప్పుకున్నారు. నేను మంచినీళ్ళ బిందెతో వెనకే ఉన్నాను.

"దానియేలు తాగలేదయ్యా. మేమే ఎక్కమన్నాం. నేను అబద్ధం చెప్పాను" అంది.

మేస్త్రీ ఇబ్బందిగా కదిలాడు. "అయిపోయినదానికి ఇప్పుడెందుకమ్మా?"

"నీకూ నాకూ అయిపోయింది. అతనికేం అయిపోయింది?"

తిరిగి వస్తూ దారిలో రెండుసార్లు ఆగింది. రెండోసారి నా భుజం పట్టుకుని, "నా వైపు చూడకమ్మాయ్. నా అబద్ధం నేను చెప్పుకున్నాను. నీది నీ దగ్గరుంది" అంది. ఆ తర్వాత ఆ ఊసే ఎత్తలేదు. కాఫీలో పంచదార చాల్లేదని ఎప్పటిలాగే విసుక్కుంది. మూడు వారాలకు వెళ్ళిపోయింది.

పెద్దకర్మ రోజు చాపలు పరిచి బంతి వేశాం. కోతవాళ్ళంతా వచ్చారు. దానియేలు కూడా వచ్చాడు. అక్క తోటలో చెప్పాక మేస్త్రీ అతన్ని మళ్ళీ పనిలోకి పిలిచాడు, కింద కూర్చుని కాయలు ఏరే పనికి. మా ఆయన మొదటి వరుసలో కూర్చున్నారు. నేను పప్పు గిన్నె కింద పెట్టాను.

"ఆ రోజు దానియేలును చెట్టెక్కమన్నది అక్క కాదు. నేను. మాను తడిగా ఉందని అతను చెప్పినా ఎక్కించాను."

మా ఆయన చెయ్యి విస్తట్లో ఆగిపోయింది.

"తెలుసండి" అన్నాడు దానియేలు. "నేను అక్కడే ఉన్నాను కదండి." నీళ్ళ గ్లాసు పక్కన పెట్టి, "పెద్దమ్మగారు తోటకొచ్చి చెప్పారని విన్న రోజున మీరూ చెబుతారనుకున్నానండి" అన్నాడు.

గిన్నె మళ్ళీ చేతిలోకి తీసుకున్నాను. పప్పు వడ్డించాను. మా ఆయన ఆ రాత్రీ, మర్నాడూ నాతో మాట్లాడలేదు. అది న్యాయమే.

అక్కకు నేను బాకీ పడ్డ మాట తీరింది. దానియేలు మాత్రం మడత పడని ఆ కాలిని ముందుకు చాపుకునే భోజనం ముగించాడు. వడ్డించేవాళ్ళమంతా దాన్ని దాటకుండా, ప్రతిసారీ వరుస చివరిదాకా చుట్టి తిరిగి వెళ్ళాం.