పదో అతుకు

దయ్యాలను నేను నమ్మను. అది చదువు వల్ల వచ్చిన ధైర్యం కాదు, నేను బడికి పోయింది రెండేళ్లే. నేత సంఘంలో నూలు లెక్కలు రాస్తూ రాస్తూ గణితం సొంతంగా నేర్చుకున్నాను. దేన్నయినా రెండుసార్లు లెక్కపెడితే భయం పోతుందని నా అనుభవం. ఒక్కసారి మాత్రం పోలేదు.

అణాలు పోయి నయాపైసలు వచ్చిన ఏడు. నా భార్య లక్ష్మమ్మకు విషజ్వరం పట్టింది. నార్కట్‌పల్లి దాకా ఎడ్లబండి మీద, అక్కడి నుంచి బస్సులో దవాఖానకు తీసుకుపోయాను. ఆడవాళ్ల వార్డులో పన్నెండు మంచాలు, మాది ఏడోది. మగవాళ్లను పగలు మాత్రమే లోపలికి రానిచ్చేవారు.

తలుపు పక్క మంచం వీరమ్మది. అరవై దాటిన ముసలమ్మ, మాలాగే నేతపని ఇంటిది, ఎడమ చేతివాటం. కలరాలో ఇద్దరు కూతుళ్లు ఒకే వారంలో పోయాక మతి చెడిందట. పట్నంలోని పిచ్చి దవాఖానకు పంపేదాకా ఇక్కడ ఉంచారు. ఒకచోట నిలిచేది కాదు. మంచం నుంచి మంచానికి తిరుగుతూ నిద్రపోయేవాళ్ల మీదికి వంగేది. అడ్డుపడితే కరిచేది.

నాలుగు రోజుల్లో ముగ్గురు పోయారు. మూడో శవాన్ని ఎత్తుతుంటే చీరకొంగుతో పాటు దుప్పటి కూడా లేచింది. కొంగు చివరి పోగులు, దుప్పటి అంచు పోగులు కలిపి ఎవరో మెలేశారు. వాటికి బూడిద అంటి ఉంది.

"బాణామతి! గీ ముసల్దే జేసింది, నేను ముందే అనుకున్న!" అని వార్డు ఆయా అరిచింది.

అందరూ తమవాళ్ల కొంగులు వెతికారు. బతికున్న ఎనిమిది మందివీ అలాగే ఉన్నాయి. పోయినవాళ్లకూ ఉన్నాయి, బతికినవాళ్లకూ ఉన్నాయి అంటే చావుకూ పోగులకూ సంబంధం లేదని చిన్న లెక్క. పైగా అది మా ఇళ్లలో ఎప్పుడూ చేసే పనే. మగ్గం మీద నిలువు పోగుల పాత పడుగు అయిపోవస్తే, వేళ్లకు బూడిద రాసుకుని దాని కొసలకు కొత్త పడుగు కొసలు ఒక్కొక్కటే మెలేసి అతుకుతాం. మగ్గం ఖాళీగా ఉంటే ఇంటికి కీడని మావాళ్ల నమ్మకం. ఇది నాకు తెలుసు. అయినా అందరితో పాటు నేనూ తెంపాను. కొంగు విదిలించి పక్కకు మడిచాను.

వీరమ్మ చేతులు కిటికీ ఊచలకు కట్టేశారు.

"తెంపకుండ్రి! మగ్గం వట్టిగ వెట్టొద్దు!" అని ఒకటే అరుపు.

ఆ మధ్యాహ్నం నుంచి లక్ష్మమ్మకు తెలివి లేదు. డాక్టరు నాడి చూసి, ఇంటివాళ్లకు కబురు చేయమన్నాడు.

మర్నాడు పొద్దున వంటశాల పొయ్యిలోంచి గుప్పెడు బూడిద తెచ్చాను. తెగిన కొసలు వెతికి అతికాను. తొమ్మిది. మూడుసార్లు లెక్కపెట్టాను. తొమ్మిదే.

అప్పుడే వీరమ్మను పట్నం తీసుకుపోవడానికి ఇద్దరు పోలీసు జవాన్లు వచ్చారు. చేతులు వెనక్కి కట్టి నడిపిస్తుంటే మా మంచం దగ్గర ఆగింది.

"తొమ్మిదే అతికినవ్ కొడుకా. ఇంకొకటున్నది."

"లేదవ్వా. మూడుసార్లు జూసిన."

"నీకు దొర్కదు తియ్యి. నేనే అతుకుత."

"నడువవ్వా, పట్నంల మస్తు మగ్గాలున్నయ్," అని జవాను నవ్వాడు.

ఆమెను బస్సు ఎక్కించడం నేను కళ్లారా చూశాను.

తెంపిన మూడో రోజు పొద్దున నేను వార్డుకు పోయేసరికి జ్వరం దిగింది. లక్ష్మమ్మ కళ్లు తెరిచి, తన కొంగు నా చేతిలో చూసింది.

"నేను సచ్చినా నువ్వు పోగులే లెక్కవెడ్తవ్" అంది.

నిజంగానే లెక్కపెడుతున్నాను. పది.

తొమ్మిది నా కుడిచేతి మెలికలు. పదోది ఎదురువైపు తిరిగింది, ఎడమచేతిది. దాని బూడిద ముట్టుకుంటే అప్పుడే రాసినట్టు పొడిగా రాలింది. రాత్రి ఆ మంచం వైపు ఎవరూ రాలేదని ఆయా ఒట్టు పెట్టింది. మొదట తెంపినప్పుడు మిగిలిపోయిందనుకుందామంటే, ఒక్క పోగు అంటుకుని ఉన్నా ఆ రోజు కొంగు విడిగా వచ్చేది కాదు. ఇన్నేళ్లుగా ఆలోచిస్తున్నాను, ఇది ఏ లెక్కకూ అందలేదు.

ఇంకొక లెక్క మాత్రం నేనే చేయలేదు. ఆ రోజు పోగులు తెగిన మిగతా ఏడుగురు ఏమయ్యారో ఎవరినీ అడగలేదు. లక్ష్మమ్మను నడిపించుకుంటూ వార్డు దాటేటప్పుడు, ఎన్ని మంచాలు ఖాళీగా ఉన్నాయో కనపడకుండా తల వంచుకుని వచ్చాను.