రెండు తీర్లుగా రాసిన మాట

ఆ మాట మా ఇంటికి ఫోనులో వచ్చింది. గల్ఫులో నా పెనిమిటితో ఒకే గదిలో ఉండే ఆయన రెండు ఫొటోలు పంపాడు. ఒకటి అచ్చేసిన కాగితం, ఇంకొకటి తను చేత్తో రాసింది. మా మరిదికి పంపబోయి నాకు పంపాడట. అది తెలిసినప్పటి నుంచి నేను ఫోను చేస్తే ఎత్తడం మానేశాడు. నా పెనిమిటి ఫోను అయితే అంతకు మూడు రోజుల ముందు నుంచే కలవడం లేదు.

నేను చదివింది మూడో తరగతి. ఇంగ్లీషు అక్షరాలు గుర్తుపడతాను, నా పెనిమిటి పేరు కూడబలుక్కుంటాను, అంతే. రెండు కాగితాల్లోనూ ఆయన పేరు పక్కన ఒక మాట ఉంది. అచ్చులో ఎనిమిది అక్షరాలు, చేతిరాతలో ఏడు. ఒక అక్షరం తక్కువైంది కదా, ఇది వేరే మాటేమో, ఇందులో మంచి ఉందేమో అని బీడీల చాట ముందు కూర్చుని ఎన్నిసార్లు లెక్కబెట్టానో! ఆకు చుట్టకముందే చేతిలో చిరిగిపోయేది.

మరిదిని అడిగితే, "దవాఖానల ఉన్నడట వదినె" అన్నాడు. పండుగా లేదు, పబ్బమూ లేదు, సిరిసిల్లలో మగ్గం పని విడిచి మా అన్న వచ్చాడు. ఆయనా అదే మాట.

తంబాకు పొట్లం కాగితం మీద రెండు మాటలూ దించుకుని, బీడీల కంపెనీకి పోతున్నానని చెప్పి బస్సెక్కాను. జగిత్యాలలో మందుల దుకాణం ఆయన కాగితం చూశాడు. తర్వాత నా మెడలో పుస్తెలు చూశాడు.

"గీయన నీకేమైతడమ్మా?"

"నా పెనిమిటి సారూ."

"దవాఖానల ఉన్నడని రాసిన్రు. ఇంట్ల మొగోళ్లు ఎవ్వలు లేరా? ఆళ్లను తోలియ్యి."

మరిది చెప్పిన మాటే. మా దిక్కు గల్ఫులో మనిషి పోతే, శవమున్న పెట్టె ఇల్లు చేరేదాకా భార్యకు చెప్పరు. పోయిన ఏడాది పక్కింటామెకు అన్నం కలిపి పెడుతూ, "దవాఖానల ఉన్నడే, నయమైతది, తిను" అన్నదాన్ని నేనే. ఆమె నమ్మి తిన్నది.

భార్యనంటే ఎవరూ చెప్పరు. కోరుట్ల బస్సెక్కి, కొంగు మెడ నిండా కప్పుకున్నాను. అక్కడ జిరాక్సు దుకాణం ఆయన ముందు కాగితం పెట్టాను.

"మా వాడకట్టు ఆమె మొగడు సారూ. ఆమెకు సదువు రాదు."

అతను తల పూర్తిగా ఎత్తనైనా లేదు. "సచ్చిపోయిండు అని."

"రెండు మాటలున్నయ్ గద?"

"రెండూ గదే అక్కా. కిందిదాంట్ల ఒక అక్షరం ఇడిసిపెట్టిన్రు, గంతే." కాగితం తిరిగిస్తూ అన్నాడు: "గామెకు ఇప్పుడే చెప్పకుర్రి. పాణం ఆగది."

"చెప్పం సారూ" అన్నాను.

ఇల్లు చేరేసరికి అన్న వాకిట్లో నిలబడి ఉన్నాడు. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"గింతసేపు యాడికి పోయినవ్ చెల్లె? బావకు జర నయమైందట."

"అట్లనా అన్నా? మరి ఒక్కపారి ఫోను జెయ్యుమను."

"చార్జింగు లేదట" అని ముఖం అటు తిప్పుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి.

నేను ఏడిస్తే అన్న నిలబడలేడు. అందుకని ఫోను ఒళ్లో పెట్టుకుని, ఎదురుచూస్తున్నట్టు గడప మీద కూర్చున్నాను. కాసేపటికి నిజంగానే ఎదురుచూశాను.