అమ్మ శాలువా, నా పొడుగు

మా చిన్నప్పుడు... చలికాలం వచ్చిందంటే అమ్మ నా పాత స్వెట్టరు విప్పడానికి కూర్చునేది. నేను ఎదురుగా కూర్చుని రెండు చేతులూ చాచాలి. అమ్మ పోగు లాగుతూ నా చేతుల చుట్టూ చిలపలా చుట్టేది. ఆ చిలపను గోరువెచ్చని నీళ్లలో ముంచి దండేనికి వేసి, అడుగున నీళ్ల చెంబు వేలాడదీస్తే... ఊలు వంకరలన్నీ పోయి మళ్లీ కొత్తదయ్యేది.

అప్పుడు ఎల్బీనగర్ దగ్గర కొత్తగా వెలిసిన కాలనీలో ఉండేవాళ్లం. చుట్టూ ఖాళీ ప్లాట్లు, ఇసుక కుప్పలు, సగం లేచిన గోడలు. చలిగాలికి అడ్డమే లేదు. మేం కిరాయికున్న ఇల్లు యాదమ్మత్తది. కాలనీ రాకముందు ఆ నేలంతా వాళ్ల పొలమేనట.

అమ్మకు అల్లికంటే పిచ్చి. గడ్డిఅన్నారం నుంచి బత్తాయిలు తెచ్చిన వెదురుబుట్టలో ఎప్పుడూ ఏదో ఒకటి సగంలో ఉండేది. అందులో ఒకటి తన కోసం అల్లుకుంటున్న శాలువా. వక్కపొడి రంగు. నా స్వెట్టరూ అదే రంగు. రెండింటికీ ఊలు ఒకేసారి కోఠీలో కొంది. మళ్లీ వెళ్లి అడిగితే ఆ రంగు దొరకలేదు.

అక్కడే వచ్చింది చిక్కు. నేను ఏటా పొడుగయ్యేదాన్ని. విప్పిన ఊలు కొత్త కొలతకు చాలేది కాదు. ఆ తక్కువైనది శాలువాలోంచి వచ్చేది... ఏడాదంతా తీరిక చేసుకుని అల్లినదాన్ని చలికాలం రాగానే అమ్మే విప్పేసేది.

డాబా మీద ఎండకు కూర్చుని యాదమ్మత్త ఇదంతా చూసేది.

"ఏందే పిల్లా, నిరుడు అల్లిన స్వెట్టర్ అప్పుడే మోచేతుల మీదికెక్కె. జర ఆగి పెరగరాదు? మీ అమ్మ శాలువ మొత్తం నువ్వే మింగుతున్నవ్."

"మింగనీ వదినా, అరిగించుకుంటుందిలే" అని అమ్మ నవ్వేది.

నాకు నవ్వొచ్చేది కాదు. పొద్దున్నే పాత దుప్పటి కప్పుకుని వాకిలి ఊడుస్తున్న అమ్మను చూస్తే, ఒంటి మీది స్వెట్టరు విప్పేయాలనిపించేది. నా చేతులూ కాళ్లూ చూసుకుంటే నాకే సిగ్గేసేది.

పడుకున్నవాళ్లను దాటితే వాళ్లు ఎదగరని ఇళ్లలో అనేవారు. దాటినవాళ్లు మళ్లీ ఇవతలికి దాటితే దోషం పోతుందనీ అనేవారు. ఒక ఆదివారం మధ్యాహ్నం, అమ్మ డాబా మీద ఉన్నప్పుడు, నేను గడప ముందు అడ్డంగా పడుకుని చెల్లెల్ని పిలిచాను.

"దాటవే."

"అమ్మో, నువ్వు ఎదగవు."

"అందుకే. దాటు."

దాటింది. ఒక్కసారికి సరిపోదేమోనని ఇంకోసారి దాటమన్నాను. అయితే ఇవతలికి దాటితే మొదటిది చెల్లకుండా పోతుంది కదా... లెక్క విషయంలో నాకు అప్పుడే పట్టింపు. అందుకని ప్రతిసారీ ఇంటి చుట్టూ తిరిగి, పెరటి తలుపులోంచి వచ్చి, అదే వైపు నుంచి దాటమన్నాను.

కాసేపటికి డాబా మీద నుంచి యాదమ్మత్త గొంతు.

"ఏందమ్మా, నీ చిన్నబిడ్డ నా ఇంటి సుట్టూ ప్రదక్షిణలు చేస్తున్నది? గిదేమన్న గుడి అనుకున్నదా?"

అమ్మ దిగి వచ్చింది. చెల్లెలు ఆయాసపడుతూనే అంతా చెప్పేసింది. "అక్క ఇంక పెరగదంట. అప్పుడు నీ శాలువా పూర్తవుతుందంట."

నేను లేవబోతే అమ్మ లేవనివ్వలేదు. "ఎన్నిసార్లు దాటింది?" అంది. తగ్గించి చెబుదామనుకున్నాను. లెక్కలో అబద్ధం నోటికి రాలేదు. "ఏడు" అన్నాను.

ఏడుసార్లూ చెల్లెలితో ఇవతలికి దాటించింది. మధ్యలో మళ్లీ ఇంటి చుట్టూ తిప్పి మరీ... అప్పుడు నన్ను లేపి బుట్ట తెచ్చి, "చేతులు చాచు" అంది. శాలువా సూదుల్లోంచి తీసి విప్పడం మొదలుపెట్టింది.

"పిచ్చిదానా, నువ్వు పెరగకపోతే నేను అల్లేది ఎవరికి తొడగను?"

నేను ఇంటర్‌కు వచ్చాక గానీ పెరగడం ఆగలేదు. అప్పటికి శాలువాలో మిగిలింది తువ్వాలంత. అమ్మ దాన్ని మడిచి కుట్టి మెడకు చుట్టుకుంది. ఎవరైనా అడిగితే "మఫ్లర్ అల్లుకున్నా" అనేది. ఆ మాట అన్నప్పుడల్లా నేను పక్క గదిలోకి వెళ్లిపోయేదాన్ని.

ఇప్పుడు నాకో మనవరాలుంది. పాలు ఎన్నింటికి, ఫోను ఎంతసేపు, అన్నిటికీ నా దగ్గర లెక్కే... ఎదురు చెప్పనివ్వను. అమ్మ నా దగ్గరే ఉంటోంది. నిరుటి నుంచి అమ్మకు శాలువా అల్లుతున్నాను. ఎన్నో దుకాణాలు తిరిగి వక్కపొడి రంగే తెచ్చాను. మనవరాలు మారాం చేస్తే అదే ఊలుతో దానికీ ఒక స్వెట్టరు అల్లాను. అప్పుడు నా బుద్ధి ఏమైందో.

మొన్న కూరగాయలకు వెళ్లి వచ్చేసరికి అమ్మ మంచం మీద కూర్చుని శాలువా విప్పుతోంది. ఎదురుగా మనవరాలు రెండు చేతులూ చాచి, కిలకిలా నవ్వుతూ...

"ఏంటమ్మా ఇది? ఇంకో జానెడు అల్లితే అయిపోయేది."

"స్వెట్టరు పొట్టయిపోయిందే. పిల్ల ఎంత పొడుగైందో చూడు" అంది అమ్మ, తలెత్తకుండానే.

కోప్పడదామని నోరు తెరిచాను. ఈలోగా మనవరాలు, "అమ్మమ్మా, తాతమ్మ చెంబు అడుగుతోంది" అంది.

వెళ్లి నీళ్లు నింపి తెచ్చి ఇచ్చాను.

ఈ రోజుల్లో పిల్లల బట్టలు పొట్టయితే కొత్తవి వచ్చేస్తాయి. మా ఇంట్లో తప్ప ఎవరి శాలువా తరగదు, ఏ పిల్లా గడపకు అడ్డంగా పడుకోదు. అది మంచిదే. మా మనవరాలు ఏ బెంగా లేకుండా పెరుగుతోంది... నేనే ఇంకా అమ్మ భుజాల వంక నేరుగా చూడలేకపోతున్నాను.

మీరు పెరగడం కోసం మీ ఇంట్లో ఎవరు ఏం విప్పేసుకున్నారో... గుర్తుంటే రాయండి. చదువుతాను.