నేలమాళిగలో అరటిపండు వాసన

ఎవాల్డ్‌ది పుట్టుకతోనే అనుమానం బుద్ధి. నలభై ఏళ్లు ఇళ్లకు పెంకులు నేశాడు. ఎక్కబోయే ప్రతి నిచ్చెననూ మూడుసార్లు ఊపి చూసుకున్నాడు కాబట్టే కాళ్లూ చేతులూ పదిలంగా రిటైరయ్యాడు. ఆ జాగ్రత్తే ఇంట్లో చేరి భార్య ఆఫ్రా ప్రాణం తీసేది. చర్చి గంట పన్నెండు కొట్టినా వాచీ చూసుకుంటే గానీ భోజనానికి కూర్చోడు. ఫ్రాంకోనియా పల్లెలో పుట్టినవాడికి దిగువ బవేరియా ప్రాంతం వాళ్లంటే మరీ అనుమానం. ఆ ప్రాంతపు పిల్లనే పెళ్లాడటం అతను జీవితంలో చేసిన ఒకే ఒక్క తెగింపు.

ముప్పై నాలుగేళ్లు ఆఫ్రా ఈ ఊరి బీరే తాగింది, వంక పెట్టలేదు. కానీ పుట్టింట్లో ఆదివారాలు తండ్రి పోసిచ్చిన నల్ల గోధుమబీరును ఆమె నాలుక మరవలేదు. అరవయ్యో పుట్టినరోజుకు చెల్లెళ్లు వస్తున్నారు. వాళ్లకు ఆ బీరే పోయాలి, అదీ తన చేత్తో కాచింది. ఎన్నడూ కాచి ఎరగదు. ఒక పుస్తకం కొనుక్కుని, జామ్ సీసాలు ఉడకబెట్టే పెద్ద గిన్నెలో మొదలుపెట్టింది. కాచి, చల్లార్చి, ఈస్టు కలిపి, బకెట్‌కు మూతపెట్టి నేలమాళిగలో ఉంచింది.

మూడోనాడు ఎవాల్డ్ బంగాళాదుంపల కోసం కిందికి దిగాడు. గుప్పున అరటిపండు వాసన కొట్టింది.

"ఆఫ్రా, బీరులో ఏం కలిపావే?"

"ఏముంది, గోధుమలు, బార్లీ, హాప్స్ పువ్వులు, ఈస్టు, నీళ్లు."

"ఇంకేం లేదూ?"

"నీ అనుమానం ఒక్కటి మిగిలింది. అదీ ఒక చెంచా వెయ్యమంటావా?"

అతను నవ్వలేదు. ఆ వారం ఆమె రెండుసార్లు అరటిపళ్లు కొంది. చెత్తబుట్టలో ఒక్క తొక్కా లేదు. ఆ ఊళ్లో పాలలో నీళ్లు కలిపినవాణ్నయినా మన్నిస్తారు గానీ బీరులో పండు కలిపినవాణ్ని మన్నించరు. పైగా పుట్టినరోజుకు ఊరి బీరు కాచే హార్ట్‌విగ్ కూడా వస్తున్నాడు. పెళ్లాం చేసిన ఘనకార్యానికి రేపు ఊళ్లో నలుగురూ చేరే బీరు బల్ల దగ్గర తన తల ఎక్కడ పెట్టుకోవాలి?

మంగళవారం సాయంత్రం ఆఫ్రా చర్చి పాటలకు వెళ్లగానే ఎవాల్డ్ కిందికి దిగాడు. మూత తీశాడు. పక్కనే పులియబెట్టిన క్యాబేజీ జాడీలో చెక్క గరిటె ఉంది. దాన్ని ప్యాంటుకు తుడిచి, బకెట్ అడుగుదాకా దేవాడు. ఏమీ తగల్లేదు. తగలకపోయేసరికి అనుమానం ఇంకా ముదిరింది. గురువారం దేవాడు, శనివారం మళ్లీ దేవాడు.

తర్వాత ఆఫ్రా బీరును సీసాల్లోకి ఎక్కించింది. పుట్టినరోజున వాటిని తెరిచారు. రంగు, నురగ చూసి ఆఫ్రా మొహం వెలిగిపోయింది. పెద్ద చెల్లెలు ఒక గుక్క తాగి, చిన్నదాని వంక చూసింది.

హార్ట్‌విగ్ గ్లాసు దించాడు. "వాసన దివ్యంగా ఉందమ్మా. ఈ ఈస్టుకు అరటిపండు వాసన రావాలి, వచ్చింది. కానీ పులిసిపోయింది. బయటిది ఏదో తగిలింది."

"నాకు చేతకాలేదంతే," అంది ఆఫ్రా, కళ్లు తుడుచుకుంటూ. "ఆ గిన్నె రేపే ఎవరికైనా ఇచ్చేస్తాను."

ఎవాల్డ్ నోరు మూసుకుంటే సరిపోయేది. ఆ ఇంట్లో అతన్ని అనుమానించినవాళ్లు ఎన్నడూ లేరు. ఆ సంగతి తట్టేసరికి సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

"నీ తప్పేం లేదే. గరిటె పెట్టింది నేను. క్యాబేజీ జాడీలోది. మూడుసార్లు."

"ఎందుకయ్యా?"

"అరటిపండు ముక్కల కోసం. తొక్కలు ఎక్కడా కనపడలేదు మరి."

"గులాబీల మొదట్లో పాతాను. ఏటా పాతుతూనే ఉన్నాను."

హార్ట్‌విగ్ పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆఫ్రా నవ్వలేదు. "ముప్పై నాలుగేళ్లు నా చేతి వంట తిన్నావు కదయ్యా" అని మాత్రం అంది.

మరుసటి నెల మళ్లీ కాచింది. బకెట్ కిందపెట్టి, నేలమాళిగకు తాళం వేసి, ఉన్న ఒక్క తాళంచెవీ అతని చేతిలో పెట్టింది.

"నీ దగ్గరే ఉంచు. ఈసారి పులిస్తే నేనెవర్నీ ఏమీ అడగను."

బీరు సీసాల్లోకి ఎక్కేదాకా ఎవాల్డ్ బంగాళాదుంపలు కొట్లోనే కొన్నాడు.