సరౌండ్ అంటే నాలుగు వైపులా

శ్రావణ శుక్రవారం, ఉదయం ఆరున్నరకు మా లారీ కోనసీమలో ఏటిగట్టు మీద ఆగింది. వరద డ్యూటీ. వాన తెరిపిచ్చింది. గోదావరి ఎర్రగా పరుగెడుతోంది. మాది జంగారెడ్డిగూడెం పక్క మెట్ట. నాకు నీళ్ళంటే బోరు నీళ్ళే. ఒక రబ్బరు పడవ, మోటారు, వైర్‌లెస్ సెట్టు. మనుషులం నలుగురం: హవల్దారుని నేను, పడవ డ్రైవరు, సెట్టు ఆపరేటరు, మందుల నాయక్.

ఎదురుగా రెండు లంకలు. ఎగువ లంకలో జనం బడి డాబా ఎక్కారు. దిగువ లంకలో ఒకమ్మాయికి నొప్పులు. పడవ ఒక్కటే. సెట్టులో కంట్రోల్ అడిగింది: "ఏది సరౌండ్ అయింది? ముందు అక్కడికి. ఓవర్."

ఈ మాట సంగతి చెప్పాలి. నాకు అక్షరాలు వచ్చింది పటాలంలో చేరాకే. రిపోర్టు రాయించే ఉస్తాద్ అనేవాడు: "సరౌండ్ అంటే నాలుగు వైపులా. ఒక్క వైపు దారున్నా ఆ మాట రాయకు. నువ్వు రాస్తే నమ్మి వెళ్ళేవాడి ప్రాణం అది." చుట్టింది శత్రువైనా నీళ్ళయినా లెక్క ఒకటే. ఇప్పుడు టీవీలో ఒకడి ముందు ముగ్గురు మైకులు పట్టుకున్నా సరౌండ్ అంటున్నారు. అది తప్పు.

ముందు దిగువ లంకకు వెళ్ళి చూశాం. మూడు వైపులా ఏరు. వెనక అరటితోట, అందులోనూ నీళ్ళే. నాయక్ అమ్మాయిని చూసి వచ్చాడు. "నా చేతిలో అయ్యేది కాదు సార్. డాక్టరు కావాలి."

"సరౌండ్ అయిందని చెప్పు," అన్నాను ఆపరేటరుతో.

అమ్మాయి అత్తగారు శేషమ్మ అడ్డొచ్చింది. "ఎవరన్నారండీ? తోటెనక్కెళ్ళి చూశారా?"

"అక్కడా నీళ్ళేగా అమ్మా."

"నీళ్ళు కాక పాలుంటాయేంటండీ? కింద పుంత ఉంది. ఎగువ లంకోళ్ళకి లేదు గానీ మాకుంది. మా గేదెలు ఇప్పుడే బయల్దేరుతున్నాయి."

ఎర్రనీరు రాగానే లంకవాళ్ళు గేదెల పలుపులు విప్పేస్తారు. పెద్ద గేదె ముందు నడుస్తుంది. మునిగిన పాత బండిదారి, అదే పుంత, దాని కాళ్ళకు తెలుసు. మిగతావి వెనకే గట్టెక్కుతాయి.

పెద్ద గేదె వెనక నేనూ దిగాను. మోకాలి లోతు. తడబడ్డాను.

"మెట్టోరా అండీ?" అంది శేషమ్మ. "అది అడుగేసిన చోటే వెయ్యండి."

కాలికింద గట్టి నేల తగిలింది. కొంత దూరం నడిచాక శేషమ్మ గేదెల్ని అక్కడే నిలబెట్టింది. నేను వెనక్కి వచ్చి సెట్టు అందుకున్నాను. "దిగువ లంక సరౌండ్ కాలేదు. ఎగువ లంక అయింది, అక్కడ పుంత లేదు. పడవ అటు పంపుతున్నా. గట్టు మీదికి అంబులెన్సు కావాలి. ఓవర్."

"కన్ఫర్మ్?"

"నడిచి చూశాను."

డ్రైవరునీ ఆపరేటరునీ ఎక్కించుకుని పడవ వెళ్ళిపోయింది. ఇక వెనక్కి తిరిగే వీల్లేదు. అమ్మాయిని నవారు మంచం మీద పడుకోబెట్టి నేను, నాయక్, అమ్మాయి మొగుడు, పక్కింటాయన నలుగురం ఎత్తాం. సగం దారిలో నీళ్ళు నడుముకొచ్చాయి. ముందు గేదె ఆగింది.

"అత్తా, దాన్ని అదిలించవే!" అని మంచం మీంచి అమ్మాయి అరిచింది.

"అదిలిస్తే దారి తప్పుద్ది. నువ్వు నోరు మూసుకుని ఊపిరి పీల్చు!"

గేదె ముట్టె ఎత్తి వాసన చూసింది. ఎడమకు తిరిగి నడిచింది. మేమూ తిరిగాం.

గట్టు మీద అంబులెన్సు ఎక్కించాం. మధ్యాహ్నానికి ఎగువ లంక జనమంతా ఒడ్డెక్కారు. సాయంత్రం ఆస్పత్రి నుంచి ఫోను: ఆడపిల్ల, తల్లి క్షేమం.

వరద తీశాక లారీ ఎక్కి ఇంటికొచ్చేశాను. కళ్ళు మూస్తే ఇప్పటికీ అదే: ఎర్రనీటి మీద వరసగా కదిలే కొమ్ములు, వాటి వెనక భుజాల మీద మంచం.

ఆ పుంతలో నడిచినవాళ్ళం: నేను, మందుల నాయక్, అమ్మాయి మొగుడు సత్తిబాబు, పక్కింటి ఏసుదాసు, శేషమ్మ. మంచం మీద నూకరత్నం. ఆమె కడుపులో, అప్పటికింకా పేరులేని పిల్ల.