నర్సింహన్న కడపకు నేను పట్టిన రంద

ఒక మనిషి ఒక్క పూటలో తన పరువూ, తన చేతులూ, ఎదుటివాడి చేతులూ ఎలా పాడు చేయగలడో తెలియాలంటే ఇది చదవండి. ఆ మనిషి నేనే.

ఖాజా మేస్త్రి దగ్గర వడ్రంగం పనికి కుదిరి ఏడాది కాలేదు. అయినా నా అంత పనివాడు వనపర్తి జిల్లాలో లేడని నా నమ్మకం. పాన్‌గల్‌లో నర్సింహన్న కొత్త ఇంటికి పది గంటలకు దర్వాజ నిలబెట్టే ముహూర్తం. దాని అడుగున ఉండే కడప, అదే గడప, ఒక్కటే నున్నగా చేయాలి. మేస్త్రి గద్వాలలో నిఖాకు పోతూ, “పొద్దుగాల పోయి రంద పట్టు. ముహూర్తానికి నేనొస్త” అన్నాడు.

తీరా పొద్దున పోయి చూస్తే కరెంటు లేదు, మిషను తిరగదు. కట్టెను చిత్రిక పట్టే మేస్త్రి చేతి రంద తీశాను. దాన్ని మోయడమే తప్ప ఎన్నడూ తోసి ఎరగను. బ్లేడు ఊడదీసి, సానరాయి మీద నూరి, ముంజేతి మీద ఆనించి పదును చూశాను. వెంట్రుకలు తెగి వచ్చాయి. బిగించి తోస్తే మాత్రం రంద ఎగిరెగిరి పడింది. కట్టె మీద గీతలే గాని పొట్టు లేవలేదు.

ఆడలేనమ్మ మద్దెల ఓడన్నదట. తోయలేని నేను బ్లేడు మొద్దన్నాను. మళ్లీ నూరాను, మళ్లీ చేతి మీద చూశాను, మళ్లీ తోశాను. తొమ్మిదయ్యేసరికి నా రెండు చేతులూ బోడి.

“ఏంది తమ్మీ, అయితదా కాదా?” అన్నాడు నర్సింహన్న.

“అయితది అన్నా. పదునే చాల్తలేదు. నా చేతుల మీద వెంట్రుకలు అయిపోయినయ్, జర నీ చెయ్యియ్యి.”

పాపం, ఇల్లు నిలబడాలన్న ఆశతో చాపాడు. ఒకటి అయ్యాక రెండోది కూడా.

“అయ్యగారు వస్తుండు,” అంది ఆయన భార్య యాదమ్మ, పసుపు గిన్నెతో. “బొట్లు కడపకు పెట్టాల్నా, మీ చేతులకు పెట్టాల్నా?”

అప్పుడే మేస్త్రి దిగాడు. గీతలు చూశాడు, రంద చూశాడు, బ్లేడు తీసి తిప్పి బిగించాడు.

“ఏటవాలు నూరిన దిక్కు కిందికుండాలె. నువ్వు మీదికి పెట్టినవ్.”

తోశాడు. పొట్టు చుట్టలు చుట్టలుగా లేచింది. పావుగంటలో కడప అద్దమైంది. నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది. మేస్త్రి మా నాలుగు బోడి చేతులనూ తీరిగ్గా చూశాడు.

“కడపకు రంద పట్టమంటే మనుషులకు పట్టినవేందిరా?”

అప్పటికే వచ్చి పూజ మొదలుపెట్టిన అయ్యగారు కూడా మంత్రం మధ్యలో నవ్వారు.

అందుకే సానరాయి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: బ్లేడు ఏ దిక్కున ఉందో చూడనిదే ఇక నూరను. నూరినా, ఇంటి యజమాని చెయ్యి అడగను.