మూత తీసే ముందు

పెర్లిటా ఉద్యోగం యంత్రాలకు వాడకం పుస్తకాలు రాయడం. లుసెనా పట్నంలో కొబ్బరి కోరే యంత్రాలు చేసే కంపెనీ అది. పెద్ద ఇంజనీరు ఒలివార్ గీకి పడేసిన చిత్తు కాగితాలను పనివాళ్లకు అర్థమయ్యే మాటల్లో పెట్టాలి. అంతకు మించి వేలు పెడితే ఆయనగారికి ఒళ్లు మండుతుంది.

ఆ ఏడు కొత్త యంత్రం తయారైంది. మధ్యాహ్నం పాన్‌సిట్ నూడుల్స్ తింటూ షెడ్డు మెకానిక్ దాదో చెప్పాడు.

"స్విచ్ ఆపినా లోపల కత్తి కాసేపు తిరుగుతూనే ఉంటోందమ్మాయ్. అది ఆగేదాకా మూత తీయొద్దని రాయి, నీకు పుణ్యముంటుంది."

పెర్లిటా తిండి వదిలేసి ఒలివార్ దగ్గరకు పరిగెత్తింది.

"సర్, స్విచ్ ఆపినా కత్తి తిరుగుతోందట. ఒక్కసారి షెడ్డుకెళ్లి చూసొచ్చి రాస్తాను."

"ఇంజనీరువి నువ్వా, నేనా? నీ పని రాయడం, చూడటం కాదు. ఇచ్చింది రాయి, చాలు."

ఆ మనిషితో వేగడం ఎవరి తరం! పెర్లిటా వెనక్కొచ్చి "స్విచ్ ఆపండి. మూత తీయండి" అని రాసి అచ్చుకు పంపేసింది.

ఆ యంత్రాన్ని ఊళ్లోని కొబ్బరి మిఠాయి కొట్టువాళ్లు కొన్నారు. పెర్లిటా అక్క కూతురు అనలీన్ అక్కడే కొత్తగా పనిలో చేరింది. కొట్టులో ఆ పుస్తకం తెరిచిన పాపాన ఎవరూ పోలేదు. లోపలికి తొంగి చూడందే చేయి పెట్టకపోవడం పాతవాళ్ల అలవాటు. అనలీన్ ఒక్కతే మొదటి పేజీ నుంచి చదివింది.

"మా పిన్ని రాసింది, తెలుసా!"

"అబ్బో, పిన్నిగారి శిష్యురాలు!" అని తోటివాళ్లు ఆటపట్టించారు.

ఓ రోజు అనలీన్ చేయి యంత్రంలో పడిందని కబురు తెలిసి పెర్లిటా ఆసుపత్రికి పరిగెత్తేసరికి, వరండాలో అక్క గోడకు ఆనుకుని ఏడుస్తోంది. లోపల అనలీన్ కుడిచేతికి కట్టు. మూడు వేళ్లు పోయాయి. ఇంతలో ఒలివార్ నుంచి ఫోను.

"ఆ హెచ్చరికేదో రేపటికల్లా చేర్చెయ్. అది నీ పనే కదా!"

ఎంత దారుణం! పెర్లిటా ఫోను పెట్టేసి మంచం పక్కన కూలబడింది. అనలీన్ ఎడమచేత్తో ఆమె చేయి పట్టుకుంది.

"పిన్నీ, స్విచ్ ఆపాకే మూత తీశాను. నువ్వు రాసినట్టే చేశాను. ఎక్కడ తప్పు చదివానంటావ్?"

"నువ్వు సరిగ్గానే చదివావు తల్లీ. కత్తి ఆగదని నాకు ముందే తెలుసు. నేనే రాయలేదు."

అనలీన్ ఆమె ముఖంలోకి చాలాసేపు చూసింది. తర్వాత మెల్లగా చేయి వదిలేసింది.